గప్పీల ఉపాసం

మొన్న భూపాలపల్లిలో మా క్వార్టర్ వెనకాల ఉన్న నీళ్ల సంపు కడుగుదామని మూత తీశాను. అడుగున జానెడు నీళ్లు. వాటి మీది నుంచి పచ్చపాచి వాసన, నానిన సిమెంటు వాసన కలిసి ఒక్కసారిగా పైకి లేచాయి. బొగ్గు దుమ్ముకూ చెల్పూరు కరెంటు ప్లాంటు పొగకూ అలవాటుపడి మొద్దుబారిన ముక్కు నాది. పక్కింట్లో పాలు మాడినా పట్టించుకోదు. దీన్ని మాత్రం వెంటనే పట్టుకుంది. చీపురు చేతిలోనే ఉంది, నేను మాత్రం మానుకోటలో మా దుకాణం వెనక పెరట్లో ఉన్నాను.

గొప్పలు పోతున్నాననుకోకపోతే ఒక మాట చెబుతాను. గప్పీ చేపలచేత దినాల తరబడి నిష్ఠగా ఉపాసం చేయించిన ఇల్లు మూడు తాలూకాల్లో మాదొక్కటే. ఏకాదశి చేసే అయ్యవార్ల ఇంట్లోనైనా పొద్దుగూకేసరికి ఓ అరటిపండు లోపలికి పోతుంది. మా చేపలకు ఆ వెసులుబాటు కూడా ఇవ్వలేదు. నిర్ణయం మా బాపుది. ఎంత తెలివైన నిర్ణయమో అని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం. మామూలు మనుషులకు అట్లాంటి తప్పు చేతకాదు. దానికి తరాల తరబడి తక్కెడ పట్టిన చెయ్యి ఉండాలి, రేపటి ధర మీద ఇవాళే ఆశ పెట్టుకునే బుద్ధి ఉండాలి.

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. స్టేషన్‌కు పోయే బజారులో మాది కిరాణా దుకాణం. కుడిపక్కన ఇత్తడి సామాన్లు, ఎడమపక్కన బట్టలు, ఎదురుగా విత్తనాల దుకాణం, అన్నీ మా పాలోళ్లవే. మా వీధిలో పిల్లలకు మాటలకంటే ముందు బేరం వచ్చేది. నేను అందులో కొంచెం ఎక్కువ తయారయ్యాను. దవాఖానలో డాక్టరు రెండు సూదులు అంటే ఒకటి చేసుకోమని అడిగిన పిల్లను. బళ్లో పంతులు పది గుంజీలు తియ్యమంటే ఆరుకు తెంపి, ఆ ఆరూ కూడా రెండు విడతల్లో తీసిన పిల్లను. మా అమ్మ నన్ను మార్కెట్‌కు తోలితే కూరగాయలమ్మే అవ్వలు దూరం నుంచే చూసి, "అగో వస్తుంది, వంకాయలకు మూతెయ్యి" అనుకునేవారు.

చేపలు మా ఇంటికి ఎట్లా వచ్చాయంటే, సరుకు కోసం పట్నం పోయిన బాపు ఒకనాడు అక్కడ గాజు పెట్టెల దుకాణం ముందు నిలబడ్డాడు. చిటికెన వేలంత లేదు చేప, తినడానికి పనికిరాదు, జతకు చెప్పే ధర మాత్రం కిలో కందిపప్పుది. బాపు ఆ పూట తిండి మరిచిపోయి అక్కడే నిలబడ్డాడట. తిరిగి వచ్చేటప్పుడు ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో నీళ్లు, నీళ్లల్లో ఎరుపూ నీలమూ కలగలిసిన తోకలు. ఆ వారంలోనే పెరట్లో, గొడ్లకు నీళ్లు పోసే సిమెంటు గోలాలు వరసగా దిగాయి.

ఆ గోలాల చుట్టూనే నా బాల్యమంతా గడిచింది. పొద్దున్నే ఎండ వాటి మీద వాలుగా పడితే నీళ్లు ఆకుపచ్చగా, లోపల గప్పీలు విసనకర్రల్లాంటి తోకలు ఆడించుకుంటూ కనిపించేవి. గప్పీ గుడ్డు పెట్టదు, పిల్లల్నే కంటుంది. కన్న మరుక్షణం ఎదురుపడితే తినేస్తుంది కూడా. అందుకని చిన్నపిల్లలు దాక్కోవడానికి చెరువునాచు తెచ్చి గోలెంలో వేసేవాళ్లం. పిల్లలకు ఉడికిన గుడ్డులోని పచ్చసొనను పల్చని గుడ్డలో కట్టి నీళ్లల్లో పిండితే పసుపు మబ్బులా విచ్చుకునేది. పెద్దవాటికి పల్లిచెక్క నానబెట్టి తవుడుతో కలిపి చేసిన ముద్ద. వానాకాలంలో మురికి గుంటల దగ్గర దోమపురుగులను అమ్మ పాత వాయిల్ చీర ముక్కతో దేవి తెచ్చేదాన్ని. దోమపురుగుల కోసం ఊరంతా తిరిగే పిల్లకు స్నేహితులు తక్కువే ఉంటారు. నాకున్నది ఒక్కతే, జ్యోతి.

జ్యోతి వాళ్లమ్మ పేరు సక్కి. ఊరి అవతలి తండాలో ఉండేవాళ్లు. ఇంట్లో వాళ్ల భాష వాళ్లది, బజారుకొస్తే మా భాష. జ్యోతి బళ్లో నా బెంచీలోనే కూర్చునేది. కాకపోతే ఏటా చలి ముదిరి మిరపతోటలు ఎర్రబడే వేళకు బెంచీలో ఆ చోటు ఖాళీ అయ్యేది. తండాలో సగం ఇళ్లకు తాళాలు పడేవి. తల్లీ తండ్రీ పిల్లలూ అందరూ మిరపకాయ తెంపడానికి దూరపు ఊళ్లకు పోయి, ఉగాది దాటాక ఒళ్లు కమిలి, చేతులు మండుతూ వచ్చేవారు. వచ్చాక జ్యోతికి ఎక్కాలు మళ్లీ మొదటి నుంచి. కచ్చకాయలాటలో మాత్రం ఏమీ మరిచిపోయేది కాదు, నన్ను ఓడించడానికే తిరిగి వచ్చినట్టు ఆడేది.

గోలాలు చాలనప్పుడు బాపుకు తట్టిన ఆలోచన సక్కికి తీర్చిదిద్దినట్టు సరిపోయింది. చేపపిల్లలు మావి, పెంపకం ఆమెది. ఆమె రెండు మేకలమ్మి నీళ్లు ఇంకని తాడిపత్రి కవర్లు కొని, చేను గట్టున కానుగచెట్ల నీడలో గుంటలు తవ్వి, కవర్లు పరిచి నీళ్లు నింపింది. తవుడూ పల్లిచెక్కా మా దుకాణంలోనే ఉద్దెర తీసుకునేది. చేపలు పెరిగాక మాకు తెచ్చి పోస్తే, మేము పట్నం సేటుకు, అదే ఆ గాజు పెట్టెల దుకాణం ఆయనకు, పంపుతాం, డబ్బు వచ్చాక ఆమె వాటా ఆమెకు. ఇందులో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి కొసరు: దారిలో కొన్ని చస్తాయి కాబట్టి లెక్కకు మించి గుప్పెడు చేపలు ఎక్కువ పొయ్యాలి. సక్కి మాకు పోసేది, మేము సేటుకు పోసేవాళ్లం. రెండోది, సంచి విప్పినప్పుడు ప్రాణంతో ఉన్నదానికే పైసలు. దారిలో పోయింది పెంచినవాళ్ల నష్టం. ఈ మాట సేటు బాపుకు చెప్పాడు, బాపు సక్కికి చెప్పాడు. సక్కి చెప్పడానికి కింద ఇంకెవరూ లేరు.

ఆ ఏడు వానలు మంచిగా పడ్డాయి. గుంటల్లో చేపలు దండిగా ఎదిగాయి. దసరాకు ముందు సక్కి దుకాణానికి వచ్చి తవుడు కట్టించుకుంటూ, "ఈ సరుకు మంచిగ పోతే ఈయేడు మిరపకాయకు పోను సేటూ. పిల్లను బడి ఇడిపియ్య" అంది. జ్యోతి నా వంక చూసి, పెద్దగా ఏమీ కానట్టు గుమ్మానికి వేలాడే సబ్బు బిళ్లల దండను తిప్పుతూ నిల్చుంది. ఆ రోజు నుంచి మేమిద్దరం సంక్రాంతి పరీక్షలకు కలిసి చదవాలని పుస్తకాలకు అట్టలు వేసుకోవడం మొదలుపెట్టాం.

అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డు మీద కూర్చున్న రోజులు. మా బజారు నడుమ టెంటు వేశారు. ఒకనాడు పంతుళ్లు, ఒకనాడు వకీళ్లు, ఒకనాడు మంగలివాళ్లు, చాకలివాళ్లు, ఇంకోనాడు వ్యాపారులు, వంతులవారీగా పొద్దంతా నిరాహార దీక్ష. బళ్లు లేవు, బస్సుల్లేవు. డప్పులూ పాటలూ పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆగేవి కావు. బొగ్గుబాయిల్లో కూడా సమ్మె. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో వేసినవాడికీ తెలియదు. దుకాణం తలుపు ఒక రెక్క మాత్రమే తెరిచి ఉంచేవాళ్లం. ఇన్ని లేకపోయినా బతుకమ్మ వచ్చింది. తంగేడూ గునుగూ తెచ్చి అమ్మ గుమ్మటంలా పేర్చింది. నువ్వుల ముద్దలు, సత్తుపిండి, చింతపండు సద్ది, మలీద, అన్నీ చేసింది. ఆడవాళ్లు బతుకమ్మలు తెచ్చి టెంటు ముందరే పెట్టి ఆడారు. ఆ పాటల్లో గౌరమ్మతో పాటు రాష్ట్రం కూడా వచ్చి చేరింది. పిల్లలం కదా, మాకు అదంతా పెద్ద జాతర. మేము కూడా గొంతు పోయేదాకా జై కొట్టాం. అట్లా కొట్టినందుకు నాకు ఇవాళ్టికీ చింత లేదు.

పండుగ సాగుతుండగానే సక్కీ ఆమె భర్తా పాల క్యాన్ల నిండా చేపలు పోసుకుని ఆటోలో తెచ్చారు. అన్నీ ఒకే ఈడువి, తోక మీద ఎండ పడితే నెమలికన్ను రంగు. బాపు వాటిని పెద్ద గోలెంలో పోయించి, ఆ సాయంత్రం నుంచే తిండి బందు పెట్టాడు.

ఇది రంగుచేపల పనిలో అందరూ చేసేదే. సంచుల్లో కట్టేముందు ఒక దినం చేపను పస్తు ఉంచాలి. కడుపు ఖాళీగా ఉంటే దారిలో నీళ్లు చెడవు. నిండు కడుపుతో కడితే అది వదిలిన మలినమే దాన్ని చంపుతుంది. కాబట్టి రేపు బండి అంటే ఇవాళ పస్తు. అంతవరకూ సరే. ఆ రేపు రైల్‌రోకో అన్నారు. పట్టాల మీద జనం కూర్చున్నారు, బండి రాలేదు. "రేపు నడుస్తదంట" అని స్టేషన్ కాడ చెప్పుకున్నారు. రేపు నడిచేటట్టయితే ఇవాళ తిండి పెట్టొద్దు. పెట్టలేదు. రేపు కూడా బండి రాలేదు. ఎల్లుండి తప్పకుండా అన్నారు.

మేము దుకాణం వాళ్లం. రేపు ధర పెరుగుతుందని తెలిస్తే ఇవాళ బస్తా విప్పం. ఇన్నాళ్లు ఆగినవాళ్లం ఒక్క రోజు ఆగలేమా అనే మాట మా ఇంట్లో దేవుడి మాటకంటే గట్టిది. తిండి పెడితే ఇంకో దినం ఆగాలి, ఆ దినమే బండి నడిస్తే సరుకు పోదు. ఈ లెక్కలో ఎక్కడా తప్పు లేదు, ఎన్నిసార్లు వేసినా అదే జవాబు వచ్చేది. గోలెం దగ్గరికి నేను పోతే గప్పీలన్నీ నా నీడ కిందికి వచ్చి నోళ్లు తెరిచేవి. పోకపోవడం నేర్చుకున్నాను.

వ్యాపారుల వంతు వచ్చిన నాడు బాపు కూడా మెడలో బంతిపూల దండతో టెంటులో కూర్చున్నాడు. పొద్దుగూకాక ఎవరో పెద్దమనిషి నిమ్మరసం తాగించి దీక్ష విరమింపజేశాడు. ఇంటికొచ్చి బాపు నాలుగు జొన్నరొట్టెలు తిన్నాడు. అమ్మ ఐదో రొట్టె కాలుస్తూ, మొహం పొయ్యి వైపే పెట్టి, "మిమ్ములనంటే నిమ్మకాయ నీళ్లిచ్చి లేపిండ్రు. గోలెంల కూసున్నయి. వాటిని లేపేదెవరు?" అంది.

"ఇయ్యాల పెడితే రేపు సంచుల్ల సస్తయి."

"పెట్టకపోతే గోలెంల సస్తయి."

"నీకేం తెల్సు యాపారం" అన్నాడు బాపు. దుకాణంలో సగం గిరాకీ అమ్మే చూసుకునేది.

మరునాడు పొద్దున నీళ్ల మీద రంగు రంగు పీలికలు తేలుతూ కనిపించాయి. ఆకలికి గప్పీలు ఒకదాని తోక ఒకటి కొరుక్కున్నాయి. గప్పీకి తోకే ధర, తోక లేని గప్పీ ఉత్త చెరువు పరక. అప్పుడైనా తిండి పెట్టాల్సింది. సరిగ్గా ఆ పొద్దే బండి నడుస్తుందన్న మాట నిజమైంది.

బాపు ఉరుకులు పరుగులుగా సంచులు కట్టాడు. ఆక్సిజన్ బండ నుంచి గాలి పట్టి, రబ్బరు బ్యాండ్లు మెలేసి, రెండు అట్టపెట్టెల్లో సర్ది, నన్ను తోడు తీసుకుని బండెక్కాడు. బడి లేదు కదా, పట్నం చూపిస్తానన్నాడు. కాజీపేట దాటింది. చల్లగాలి, కిటికీ పక్క సీటు, ఒళ్లో మక్కపేలాలు. ఇంక గెలిచాం అనుకున్నాం. జనగామ దగ్గరికి వచ్చి బండి ఆగింది. ముందు పట్టాల మీద జనం.

వాళ్లు చెడ్డవాళ్లు అని చెప్పలేను. పట్టాల పక్కనే మూడు రాళ్ల పొయ్యిలు పెట్టి పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం, పప్పుచారు వండుతున్నారు. బండిలో ఉన్నవాళ్లందరినీ దిగి తినమని పిలిచారు. నేను రెండోసారి పప్పుచారు పోయించుకున్నాను, ఉత్తగా వచ్చేదాన్ని బేరమాడి ఇంకో గరిటె వేయించుకున్న ఘనత కూడా నాదే. ఎండ ముదురుతుంటే బాపు పెట్టెలు కిందికి దించాడు. ఒకతను వచ్చి చూశాడు.

"ఏందన్నా గా సంచుల్ల?"

"రంగు చేపలు."

"కూర మంచిగైతదా?"

"తినరు. అద్దాల పెట్టెల ఏసి చూస్తరు."

"ఉత్తగ చూసుటానికి పైసలిస్తరా? రాష్ట్రం రానియ్యే, మనం గూడ ఓ నాడు కూసోని చూద్దాం" అని నవ్వి, తన జెండా గుడ్డను తడిపి పెట్టెల మీద కప్పాడు. ఇంకో ఇద్దరు పెట్టెలను వేపచెట్టు నీడకు మోసిపెట్టారు. ఎవరికి తోచిన సాయం వాళ్లు చేశారు. నల్లా నీళ్లు తెస్తామన్నారు కూడా. నిల్వ ఉంచని నల్లా నీళ్లలోని మందు చేపకు విషం, వద్దన్నాడు బాపు.

పొద్దు తిరిగేసరికి సంచుల్లో నీళ్లు తెల్లగా మసకబారాయి. ఒంట్లో సత్తువ లేని చేపలు, తోకలు తెగిన చేపలు. ముందు పక్కకు ఒరిగాయి, తరువాత పొట్టలు పైకి వచ్చాయి. బాపు ఒక్కో సంచీ ఎండకు ఎత్తి చూసి కింద పెడుతున్నాడు. మళ్లీ అదే సంచి ఎత్తి చూస్తున్నాడు. వెనక డప్పులు మోగుతూనే ఉన్నాయి. బండి ఇంక ముందుకు పోదని తేలాక, పట్టాల పక్క గుంటలో సంచులు ఒంపేశాడు. కాకులు వాలాయి.

విషయం తెలిసి సక్కి దుకాణానికి వచ్చింది. జ్యోతి ఆమె వెనకే ఉంది, అట్ట వేసిన పుస్తకం చేతిలో పట్టుకుని. బాపు గల్లాపెట్టె వెనక నుంచి లేవలేదు.

"నేను పోసిననాడు వాటి తోకలు చీర కుచ్చిళ్ల లెక్క ఉండె సేటూ."

"ఉండె. నేను కాదంటలేను."

"మరి నీ గోలెంల ఏమాయె?"

"పోయింది దారిల. దారిల పోయిన సరుకు పెంచినోళ్లదే. గది నేను పెట్టిన కట్టుబాటు గాదు, పట్నం సేటుది."

సక్కి కాసేపు తక్కెడ వంక చూసింది. "పట్నం సేటు నాకు తెల్వదు. నాకు నువ్వే తెలుసు" అంది. బాపు ఉప్పు డబ్బా జరిపాడు, మళ్లీ అక్కడే పెట్టాడు. లోపలి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. గిరాకీ ఎవరో వచ్చి చాయపత్తి అడిగారు. నేను వాళ్లకు కట్టి ఇచ్చి తిరిగేసరికి తల్లీకూతుళ్లు బజారు మలుపు దాటుతున్నారు.

ఆ చలికాలం తండాలో తాళాలు పడిన ఇళ్లలో వాళ్లది కూడా ఒకటి. ఉగాది దాటాక సక్కి ఒక్కతే వచ్చింది, నెత్తి మీద ఎండుమిరపకాయల మూటతో. తవుడు ఉద్దెర కింద జమ చేసుకోమంది. బాపు తూచాడు. ముల్లు సరిపోయాక, ఎవరూ అడగకుండానే ఆమె ఇంకో గుప్పెడు మిరపకాయలు తీసి తక్కెడలో వేసింది. ఆమెకు మేము నేర్పిన అలవాటు. జ్యోతి అక్కడే కూలి మేస్త్రీ వాళ్లతో ఉండిపోయిందని, బడికి ఇంక రాదని చెప్పి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

రాష్ట్రం వచ్చింది. మానుకోట జిల్లా అయింది, భూపాలపల్లి జిల్లా అయింది, జనగామ జిల్లా అయింది. సక్కి వాళ్ల తండా కూడా పంచాయతీ అయింది. కానుగచెట్ల కింది గుంటలు పూడి పత్తిచేను అయ్యాయి. మా పెరట్లో గోలాల చోట మెట్లు, మెట్ల మీద అద్దె గదులు. ఇప్పుడు రంగుచేపలు ఎక్కడి నుంచో వ్యానుల్లో వస్తాయి, వాటిని ఇక్కడ పెంచేవారిని నేను చూసి చాలా ఏళ్లయింది. తాడిపత్రి గుంట అంచున కూర్చుని, నీళ్లలో వేలు పెట్టి, చుట్టూ మూగిన చేపల్లో ఆడవీ మగవీ వేరుచేసే ఆడవాళ్లు లేరు. పెళ్లయి నేనిక్కడికి, గని కార్మికుల క్వార్టర్లకు వచ్చేశాను. జ్యోతి ఎక్కడుందో తెలియదు. అడిగితే తెలుస్తుంది, అడగలేదు.

బాపు పెద్దవాడయ్యాడు. చుట్టాలొస్తే ఇప్పటికీ, "ఉద్యమంల చేపల మీద మస్తు మునిగినం, అయినా ఎనుకకు పోలే" అని చెబుతాడు. నేను కూడా చాలా ఏళ్లు అట్లాగే చెప్పాను, పెళ్లిచూపుల్లో కూడా చెప్పాను. సంపు పక్కన కూర్చుని ఆ లెక్క మొదటిసారి సరిగ్గా వేశాను. చేపపిల్లలు గోలెంలో పుట్టినవి, ఖర్చు లేదు. తల్లిచేపలు మాకే మిగిలాయి. తవుడు బాకీ మిరపకాయల్లో వసూలైంది, కొసరుతో సహా. ప్లాస్టిక్ సంచులు, రబ్బరు బ్యాండ్లు, ఆక్సిజన్ బండలో కొంత గాలి, రెండు అట్టపెట్టెలు, మానుకోట నుంచి పట్నానికి ఒక నిండు టికెట్టు, ఒక అర టికెట్టు. మాకు పోయినవి ఇవి. మిగతాదంతా సక్కి కట్టింది.